కొండెక్కని దీపం

ఇంజను లేచింది గానీ
డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరలేదు.
సువాల్కీలో అక్టోబరు. బీట్‌దుంపలింకా నేలలోనే.
తెల్లారేసరికి మంచు గడ్డకడుతుందని రేడియో.

బెల్టు నొక్కి చూశాను, బాగానే ఉంది.
బ్యాటరీ పన్నెండు పాయింట్ రెండు.
రేజ్ చేశాను,
పన్నెండు పాయింట్ రెండే.
డైనమో విప్పాను. బ్రష్‌లు కొత్తవి,
నల్లటి పొడి మాత్రం గోళ్లలోకి పోయింది.

"తుక్కుకి వేసెయ్" అంది తెక్లా కంచె అవతల నించి.
ఈ ఉర్సుస్ నాకంటే రెండేళ్లు పెద్దది,
పెద్దవాళ్లని తూకానికి వేస్తామా?

చివరికి రెగ్యులేటర్ డబ్బా.
దాని కాళ్ల కింద నిగనిగలాడుతూ
బోగుమిల్ మావయ్య పోయిన వారం వేసిన పెయింటు.
బోల్టులన్నీ విప్పి మరీ వేశాడు,
ఎవరూ చూడని చోట కూడా
రెండు కోట్లు.
ఇనుముకీ ఇనుముకీ మధ్య
ఆయన ముచ్చట అడ్డం పడింది.

నేనేమీ అనలేదు.
టార్చి పట్టుకున్న ఆయన చెయ్యి
కాస్త పక్కకి జరిగింది.
"వెలుగు ఇటు" అన్నాను.

చాకుమొనతో గీకాను,
జ్లోటీ బిళ్లంత మేర,
తెల్లటి ఇనుము బయటపడేదాకా.
బోల్టు బిగించి తాళం తిప్పాను.

దీపం కొండెక్కింది.
ఏ ఇంట్లోనూ ఇలా
ఆరిన దీపానికి ఊపిరి పీల్చుకుని ఉండరు.

మావయ్య వంగి మీటరు చదివాడు,
"పద్నాలుగు" అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నంత మెల్లగా.