మొద్దుల బండి

సుంకులమ్మ షెడ్డు ముందర నిలబడింది,
చెప్పులకు ఎర్రమన్ను, నోట్లో లెక్క:
రెండు వందల పద్నాలుగు.
"చీనీచెట్లు కట్టెలోళ్లు కొట్టుకపోయినారు, దస్తగిరీ.
మొద్దులు నాకిడిచినారు.
జేసీబీతో పెరికిస్తే మొద్దుకో గుంత,
గుంతకు మళ్లా మన్ను యాడ తెచ్చేది?
శనక్కాయ ఎయ్యాల. గుంటక తగిలినప్పుడల్లా విరుగుతాండాది."

సరే అన్నా.
అన్నప్పుడు నా దగ్గర ఉండింది
పాత ట్రాక్టరొకటి, వెల్డింగు మిషనొకటి,
మద్దిలేటి అనే పిల్లోడు, వాని అనుమానం.

అనంతపురం గుజిరీలన్నీ తిరిగినా.
బొటనవేలంత మందం ప్లేటు దొరికింది,
గుండ్రంగా కోయిస్తే చక్రమాయ.
రోడ్లు గీకే మిషను పండ్లు పదహారు,
సగం అరిగినవి, కిలో లెక్కన.
మోటారు మాత్రం దొరకలా.

నాలుగో దినం, గోడ వారకు
పండుకోని ఉండింది ఒక బోరు బండి.
టైర్లు ల్యావు. క్యాబిన్‌లో కోడి గుడ్లు పెట్టింది.
దాని తలకాయలో ఉండాది హైడ్రాలిక్ మోటారు,
ఎన్ని ఊర్ల రాయి తిన్నదో,
చేతికి ఇంకా సున్నం మాదిరి తెల్లదుమ్ము అంటింది.
గుజిరీ సాయబు అడిగినంత ఇచ్చేసినా.
పక్క రేకు కూడా కోసుకొచ్చుకున్నా, చక్రానికి మూతకని.

నిదానంగా తిరిగే జాతి అది.
బెల్టు, పుల్లీలు కట్టి పరుగు నేర్పినా.
ట్రాక్టరు నూనె దానికి చాల్లా,
తుమ్మ మొద్దును తాకంగానే చక్రం అలిగి నిలబడె.
వెనక షాఫ్టుకు వేరే పంపు బిగించి,
డీజిలు డ్రమ్మును నూనెతొట్టి చేసినా.
ఆ దినమే పైపు పగిలి
మద్దిలేటి పండగ చొక్కా పచ్చగా తడిసింది.
"చెయ్యి అడ్డం పెట్టినావా?" అని అరిచినా ముందు.
పెట్టలా. అప్పుడు ఊపిరి పీల్చినా.
మళ్లా ఒక వాల్వు తెచ్చి పెట్టినా:
ఒత్తిడి ఎక్కువైతే నూనెను వెనక్కి పంపేది.
వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి
"మా నాయనకు ఇట్లాంటిదొకటి బిగిస్తావా మామా?" అన్యాడు.

నార్పల దాటి తోటకు పోయేసరికి పొద్దు నెత్తికెక్కింది.
తోట అంటే పేరే. డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టి,
గట్టు మీద బోరు మూతులు ఏడు,
పిల్లోళ్లు పడకుండా రాళ్లు పెట్టినారు.

మొదటి వరసలో ఒక మొద్దుకు
పచ్చని చిగురు, జానెడు.
నా కాలు క్లచ్చి మీద ఆగింది.
సుంకులమ్మ నా మొగం చూసి నవ్వింది.
"అది చీనీ కాదప్పా. అంటు ఎప్పుడో సచ్చె.
అడుగున జంబేరి బతికింది, ముండ్లు కాస్తుంది.
దాన్నే ముందు కొట్టు."

లీవరు నూకినా.
చక్రం ఎడమకు ఊగె, కుడికి ఊగె.
రాయి తగిలితే నిప్పు, వేరు తగిలితే పసుపుపచ్చ పొట్టు.
గొలుసు తెర సందుల్లోంచి
మా కాళ్ల మీదికి ఎగజిమ్మె.
చీనీకాయ వాసన రాలా.
వస్తుందని ఎందుకనుకున్నానో తెల్దు.
తడి కట్టె వాసన, కాలిన బెల్టు వాసన.

మూడో మొద్దు దగ్గర
సుంకులమ్మ వంగి, మూత రేకు మీది పొట్టును తుడిచింది.
పాత రంగు కింద అక్షరాలు: గంగ.
తక్కినవి సాయబు కాడ ఉండిపాయ.
"మాకు బోర్లేసిన బండేనా ఇది?"
"ఏమో మ్మా, ఆ పేరుతో పది బండ్లు తిరుగుతాయి."
"ఏదైతేనేమి," అనింది,
"ఇప్పుడన్నా చెప్పిన లోతు దాంక పోతాండాది."

సాయంత్రానికి పంతొమ్మిది అయినాయి.
రాళ్లకు మూడు పండ్లు పోయినాయి.
డ్రమ్ము మీద చెయ్యి ఆనలా,
నూనె అంత కాగింది. ఆపేసినా.
మద్దిలేటి డ్రమ్ముకు తడి గోతాం చుట్టినాడు.

ఆమె పొట్టంతా తట్టకెత్తి
కోళ్ల గూట్లో పరుస్తానని పాయ,
రెండు తట్టలు మోసి, మూడోది దించి,
నా పక్కకు వచ్చి గోతాం తాకి చూసింది,
జరం వచ్చినోళ్ల నొసలు చూసినట్ల.

"ఇంగా నూటా తొంబై అయిదు," అనింది.
"చల్లారితే చెప్పు."