మరక లేని కాపీ

మూడోసారీ వెనక్కొచ్చింది దరఖాస్తు.
"మరకుందమ్మా, శుభ్రమైన కాపీ తీసుకురా"
అన్నాడు కిటికీ అవతలి గుమాస్తా.

మరక కాదయ్యా అది,
లాలాపేటలో పదకొండేళ్ల కారం మిల్లు.
సబ్బుకి పోదు, నిమ్మచెక్కకి పోదు.
ఎక్కడ వేలానిస్తే అక్కడ
నాకంటే ముందు అదే సంతకం పెడుతుంది.

మీటరేమో మా మామ పేర. ఆయన పోయి ఆరేళ్లు.
పేరు మారాలంటే లైసెన్సు కావాలి,
లైసెన్సు కావాలంటే పేరు మారాలి.
ఫైరు వాళ్ల కాగితం చేతికొచ్చేసరికి
కాటా మీద తూనికలోళ్ల ముద్రకి గడువు తీరింది.
నెట్ సెంటరు కుర్రాడొక్కడే
సైదాబీ అని తప్పు లేకుండా కొడతాడు,
పేజీకి పది.

మార్చి వెళ్లిపోతోంది.
యార్డులో ఎర్రటి గుట్టలు కరిగిపోతున్నాయి.
నా తలుపుకి సీలు.
సందులోంచి చూస్తే
మిషను బెల్టు మీద ఎలుకల అడుగులు.

ఇవాళ చేతులు ముట్టించలేదు.
పక్కింటి పిల్లని వెంటబెట్టుకెళ్లి
దాని చేతే ఇప్పించాను.
కాగితం తెల్లగా ఉంది, ఎవరిదో అన్నట్టు.

గుమాస్తా ముద్ర కొట్టి, పక్కన పడేసి, తలెత్తాడు:
"మా ఇంట్లో నీ కారమే కావాలంటారు.
మిల్లెప్పుడు తెరుస్తావమ్మా?"