వచ్చిన పని

మా మరిది కూర్మారావు ఓడల్లో వెల్డరు.
ఈసారి సూట్‌కేసుతోపాటు
రోవెనాని తెచ్చినాడు.
నలభై రోజులుండి
కాంట్రాక్టు పిలిచిందని మళ్ళీ ఎల్లిపోనాడు.
దేశం మారి వొచ్చినదాన్ని మా ఇంట్లో దించీసి
తనేమో ఏ దేశానికీ సెందని నీళ్ళ మీద.

మా అత్తకి ఆ పేరు నోరు తిరగలేదు.
రెండు రోజులు రోవమ్మంది, మూడోనాటికి రేవతి.
పిలిస్తే పలికేది గానీ
ఓ రవ్వ ఆలస్యంగా పలికేది,
పక్కింటి తలుపు కొడితే లేచినట్టు.

తోడికోడల్ని నాను. నాకొచ్చిన ఇంగ్లీషు
సెల్లుఫోను మీద కనపడే నాలుగు ముక్కలు.
దానికొచ్చిన తెలుగు "తిన్నావా".
ఆ ఒక్క మాటతోనే నెల గడిపీసినాం.
పొద్దున్న తిన్నావా అంటే లేచావా అని,
మజ్జాన్నం తిన్నావా అంటే ఎండ సూడు అని,
రాత్రి తిన్నావా అంటే
ఆడి ఫోను రాలేదా అని.

పనసకాయ కొడతంటే గెంతుకుంటూ వొచ్చినాది.
"లాంగ్కా!"
కొబ్బరికాయ ముట్టుకుని "నియోగ్" అన్నాది.
మెత్తళ్ళు ఎండేసిన పట్టా దగ్గర కూకుని
కళ్ళు మూసుకుని వాసన పీల్చినాది.
సముద్రాలు దాటి వొచ్చినదానికి
అన్నీ కొత్తేననుకున్నాను.
కొత్తవి కావు.
అన్నీ తెలిసినవే,
దీన్ని ఎరగనట్టు
ఏరే పేర్లు పెట్టుకుని కూకున్నాయి.
అదే ఎక్కువ కష్టమేమో, నాకేటి తెలుసు.

నూతి నీళ్ళు తాగొద్దని
సెప్పడానికి మాత్రం సాన అవస్థ పడ్డాను.
నుయ్యి సూపించి, నడుం పట్టుకుని,
గోడ మీద దండేసిన మావ ఫొటో సూపించినాను.
అర్థమైపోనాది.
ఆ రాత్రి తిన్నావా అని ఎవరం అడగలేదు.

శ్రీకాకుళం పోలీసాఫీసుకి రమ్మన్నారు.
పైదేశపోళ్ళు పేరు రాయించుకోవాలట.
కంచిలిలో బస్సెక్కినాం. పలాస దాటినాక
నా భుజం మీద నిద్దరపోనాది.
మడపాం వంతెన మీద లేచి నీళ్ళు సూసి
"దాగాత్?" అన్నాది, సముద్రమా అని గావాల.
కాదమ్మీ, వంశధార అన్నాను.
"వంసదారా" అని
నోట్లో ఏసుకుని సప్పరించినాది.

గుమస్తా కుర్రాడు మంచోడే.
ఫొటోలు రెండు తక్కువైనా సర్దుకున్నాడు.
మొగుడెక్కడ అన్నాడు. ఓడలో అన్నాను.
ఓడెక్కడ అన్నాడు.
నానూ అదీ మొఖాలు సూసుకున్నాం.
ఆ కింద గడి: ఈ దేశానికి వచ్చిన పని?
ఇంగ్లీషులో అడిగినాడు, తెలుగులో అడిగినాడు.
పెన్ను పట్టుకుని ఆ గుంట
నా వైపు సూసినాది,
పరీక్షలో పక్కోళ్ళ కాయితం సూసినట్టు.

నన్ను సూస్తే ఏటుంటాదమ్మా.
మందస నుంచి కవిటికి, జీడిపిక్కల లారీలో,
పందొమ్మిదేళ్ళ కిందట దిగినాం
ఓ ఇత్తడి బిందె, నాను.
బిందె మీద దమయంతని సెక్కించినారు.
నన్ను ఏ కాయితం మీదా రాయించలేదు.
వచ్చిన పని ఎవరూ అడగలేదు,
సీపురు ఎక్కడుంటాదో సూపించినారు.

బల్ల మీదున్న నా సేతులేసి సూసినాది.
జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు.
కొంగు కింద పెట్టీసుకున్నాను.
తల దించి ఏటో రాసినాది, పొడుగ్గా,
గడి దాటి బయటికొచ్చీసినాది రాత.
కుర్రాడు సదువుకుని, కళ్ళజోడు తుడుసుకుని,
మాటాడకుండా ముద్ర గుద్దినాడు.

కాంప్లెక్సులో పకోడీ పొట్లం కొన్నాను.
ఏటి రాశావని అడగడానికి
నా దగ్గర మాటల్లేవు.
తిన్నావా అన్నాను.
పొట్లంలో సగం నా సేతిలో పోసీసినాది.

కండక్టరు వొచ్చి ఎక్కడికమ్మా అన్నాడు.
నాను డబ్బులు తీసేలోగా
కిటికీ పక్కనుంచి అదే అన్నాది,
"కంచిలి. రెండు."