డ్యూటీ చార్టు

రాత్రి డ్యూటీ దిగేటప్పుడు
పుస్తకంలో రాయాల.
పన్నెండో రూము: బీపీ, షుగరు, మూత్రం, నిద్ర.
నాలుగు గళ్లు.
ఐదో గడి లేదు.
తెల్లారుజామున పంకజాక్షమ్మ
లేని టెలిఫోను ఎత్తి
"నంద్యాల లైను బిజీ, ఉండండి" అని
ముప్పావు గంట ఎవరినో ఆపి పెట్టిందని
యాడ రాయాల?
నేనూ ఆ మంచం పక్కనే నిలబడి
నంద్యాల కోసం కనిపెట్టుకున్నానని?

ఓర్వకల్లు రోడ్డులో, రాళ్ల నడుమ కట్టినారు దీన్ని.
బోర్డు మీద పొద్దుగుంకే బొమ్మ వేసినారు,
పొద్దుపొడిచేదంటాడు మేనేజరు.
చేరిన దినం ఆయనే చెప్పినాడు:
"ఇక్కడ అందరం ఒక కుటుంబం."
మధ్యాహ్నం షంషాద్ బీ చెవిలో చెప్పింది:
"కుటుంబం అన్నారంటే
ఓవర్‌టైము ఇయ్యరని అర్థం, గుర్తుపెట్టుకో."
అదే షంషాద్ బీ
మనిషిని పక్కకు తిప్పడం నేర్పింది:
"గోనెసంచి కాదమ్మే. ముందు చెప్పు.
తిప్పుతున్నా పెద్దాయనా, అని చెప్పు.
చెప్పినాకే చెయ్యి వెయ్యి."
ఆరు నెలల కోర్సులో రాని ముక్క అది.

స్టాఫ్ రూమంటే మెట్ల కింద గది.
వంగి పోవాల.
నాలుగు కుర్చీలు, పదకొండు మందిమి.
మద్దిలేటి జొన్నరొట్టె విరిస్తే
బీ చెనిక్కాయ పొడి వేస్తుంది.
నర్సు పిల్ల స్టెల్లా తినకుండా ఫోను చూస్తుంది,
హైదరాబాదులో నాలుగు వేలు ఎక్కువంట.
పో తల్లీ, అంటాం.
పోవద్దని చెప్పే మొహం మాకు యాడిది?

ఏడో రూములో వీరభద్రయ్య సారు.
ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీ, కడకు డిపోలో కంట్రోలరు.
భార్య పేరు మరిచినాడు గానీ
ఆదోని ఫస్టు బస్సు టైము మరవలేదు.
వీల్‌చైరు నెట్టుకుంటా పోతే
నోటీసు బోర్డు కాడ ఆపమంటాడు.
మా డ్యూటీ చార్టు చదువుతాడు,
వేలితో గళ్లు లెక్కబెట్టి అరుస్తాడు:
"ఈ ఉరుకుందమ్మ ఎవరు?
వరసగా మూడు నైట్లు ఏసినాడే, ఎవడు వీడు?
నా డిపోలో అయితే
గేటు ముందర టెంటు పడేది!"
నేనే సారూ ఉరుకుందమ్మ, అంటే
కిందికీ మీదికీ చూసి
"స్టీరింగు మీద నిద్రపోలేదు కదా?" అన్నాడు.
"లేదు సార్."
"మరి ఆ కళ్లేంది?"

మొన్న ఉగాది ముందర నన్ను సూపర్‌వైజరు చేసినారు.
నాలుగేళ్లకు.
పద్దెనిమిది వందలు పెంచి,
నీలం చీర తీసుకోని బూడిద రంగు చీర ఇచ్చి,
తాళాల గుత్తి చేతిలో పెట్టినారు.
మా అమ్మ కోడుమూరు నుంచి ఫోను చేసి
"ఇంక ముడ్లు కడిగే పని లేదు కదా" అని సంతోషపడింది.
లేదమ్మా, అన్నా.
ఆ దినమంతా చేతులు ఏం చేసుకోవాలో తెలీలేదు.
టేబులు మీద పెట్టినా. ఒళ్లో పెట్టినా.
పన్నెండో రూము గంట మోగితే లేచినా,
మళ్లీ కూర్చున్నా.
పోవాల్సింది ఇప్పుడు వేరే వాళ్లు.

మొదటి చార్టు రాసేదానికి రెండు రాత్రులు పట్టింది.
ఎవరికీ వరసగా మూడు నైట్లు పడకూడదు.
బీకి మోకాళ్లు, మేడ మీద వద్దు.
మద్దిలేటి కూతురికి పరీక్షలు.
స్టెల్లా పోయేది ఒకటో తేదీ, ఆ గడి ఖాళీ.
కొట్టేసి, తెల్లరంగు పూసి, మళ్లీ రాసి,
పొద్దున్నే అతికించి
సారును బోర్డు ముందరికి నెట్టుకొచ్చినా.
పలక చూపించే పిల్ల మాదిరి పక్కన నిలబడినా.

చదివినాడు.
వేలు నిదానంగా నడిచింది, అడ్డం, నిలువు.
బాగుండాది అంటాడనుకున్నా.
"ఈ ఉరుకుందమ్మకు వారం సెలవు యాడ?" అన్నాడు.
చూసినా.
నా వరసలో ఏడు గళ్లూ నిండి ఉండాయి.
నా చేత్తోనే.

ఎర్ర పెన్ను అడిగినాడు.
చెయ్యి వణుకుతా, ఆదివారం చుట్టూ గీసినాడు.
గుండ్రం రాలేదు, కోడిగుడ్డు మాదిరి వచ్చింది.
పెన్ను తన జేబులో పెట్టుకోని
"ఆదోని బండి పోయిందా?" అన్నాడు.
ఇంకా లేదు సార్, అన్నా.
"అయితే తోయ్."