కక్కు కొట్టే రోజు

మా ధర్మాబాద్‌ల
నారోబా గిర్నీ ముందు మనుషులు వరుస కట్టరు.
డబ్బాలు కడతయి.
నూనె డబ్బా, డాల్డా డబ్బా,
మూతకు నాడా బిగించిన ఖుర్షీద్‌బీ బిస్కెట్ల డబ్బా.
వాటి వెనక గోనెసంచుల మీద మేము
కాళ్లు చాపుకొని,
ఇండ్లల్ల ఏ పనీ లేనట్టు.

కరెంటు ఉన్నంతసేపు సైగలే.
బెల్టు చప్పుడుల
కొడుకు పెండ్లి కుదిరిందని నేనంటే
కోడి పోయిందనుకొని
అయ్యో అన్నది ఎంకుబాయి.

కరెంటు పోతేనే మాట.
మరాఠీల లేచిన ముచ్చట
తెలుగుల కూసుంటది,
దక్కనీల నవ్వుకుంట ఇంటికి పోతది.
మా ఇంటిపేరు గాదె.
ఇక్కడికొచ్చినంక గాదెవార్.
ఆ 'వార్' తూకమయినంక పోసిన కొసరని
మా అత్త అంటుండె.

పక్క సందుల మిరపకాయల గిర్నీ మొదలైతే
అందరికీ ఒక్కసారే తుమ్ములు.
ఎవరు ఎవరిని చిరంజీవ అనాలె?

రాయి ఎవరి గింజనూ మొత్తం తిరిగియ్యదు.
గుప్పెడు దాచుకుంటది,
వెనకొచ్చినోళ్ల పిండిల కలుపుతది.
ఉపాసం పిండికి ముందు
ఎవరి సజ్జలు పడ్డయో అని
గోదాబాయి గులుగుతది.
గులుక్కుంటనే డబ్బా ముందుకు జరుపుతది.

మొన్న బేస్తారం, కక్కు కొట్టే రోజు.
బెల్టు విప్పి, పైరాయి ఎల్లెలకల తిప్పి
నారోబా ఉలి పట్టిండు.
'గిర్నీ బంద్' అని పలక మీద రాసే ఉన్నది.
చదవలేదో, చదివే వచ్చిన్రో,
తొమ్మిదింటికి మూడు డబ్బాలు,
పదింటికి ఏడు.

ఠక్కు ఠక్కు.
ఎంకుబాయి పింఛను కాగితం మడతలు విప్పితే
ఖుర్షీద్‌బీ మనవడు చదివిండు,
రెండుసార్లు, రెండోసారి గట్టిగ.
గోదాబాయి ఒడిల చిక్కుడుకాయలు.

బ్యాంకు క్లర్కు పెండ్లాం,
ఊరికొచ్చి నెల కాలేదు,
పేరు ఇంకా ఎవరికీ ఎరుక లేదు.
చివర్ల డబ్బా పెట్టి
మూత మీంచి చెయ్యి తియ్యలే.
నేను లేవబోతే కాలు తగిలి
డబ్బా మోగింది,
డొల్లగ.

నేను విన్న. నారోబా విన్నడు.
ఉలి పక్కన పెట్టి
సుద్దముక్క తీసి
మూత మీద ఎనిమిది అని వేసిండు.
"రేపు పొద్దున రా పోరీ, నంబరు పోదు."

గోదాబాయి చిక్కుడుకాయలు సగం
ఆమె కొంగుల పోసింది.
ఆ పిల్ల ఒకటి విరిచి
ఈనె తప్పు దిక్కు నుంచి గుంజింది.
ఇగ చూడు,
మూడు భాషలల్ల పాఠం.