పది తెత్రీల నాణెం

రుస్తావిలో మా బ్లాకు లిఫ్టుకు ఒక డబ్బా ఉంది,
దానికొక సన్నని నోరు.
పది తెత్రీలు మింగితేనే కదులుతుంది.
ఏడేళ్లు ఆ డబ్బా తాళంచెవి నా జేబులోనే ఉండేది.

కొత్త తాడు కోసం
ముప్పై ఆరు ఇళ్లవాళ్లు కూడబెట్టిన చిల్లరంతా
ఒక్క ఫిబ్రవరి రాత్రి
జూదం మిషన్ ముందు ఊడ్చిపెట్టేశాను.
మూడు చెర్రీపళ్లు ఒక వరసలోకి రాలేదు.
అంతే కథ.

కాగితం రాసిచ్చాను, నెలనెలా కడుతున్నాను.
సిగ్గుకు మాత్రం వాయిదాలు లేవు.

అందరూ పడుకున్నాక ఇల్లు చేరేవాణ్ణి.
లిఫ్టెక్కే ముఖం లేక
తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదే.
ఏ తలుపు వెనక దగ్గు వినిపించినా
బూట్లు విప్పి చేతిలో పట్టుకునేవాణ్ణి.
ఎవరింట్లో ఉల్లిపాయలు మాడాయో,
ఎవరి కుళాయి కారుతోందో
నాకు తెలిసినంత దొంగకు కూడా తెలియదు.

ఆరో అంతస్తులో ఝుఝునా
ఒక రాత్రి తలుపు తీసుకుని నిలబడింది.
"జుంబేర్, లిఫ్టు మొరాయించింది.
ఈ బంగాళాదుంపల బస్తా బాల్కనీ దాకా లాగు."

లాగాను.
ఎందుకలా చేశావని అడగలేదు.
క్షమించాననీ అనలేదు.
మొక్కజొన్న రొట్టె, ఉప్పటి జున్ను ముక్క
పళ్లెంలో తోసి,
"ముందు బూట్లు తొడుక్కో" అంది.
"మూడు నెలలుగా వింటున్నా.
వట్టికాళ్ల చప్పుడుకే
నాకు మెలకువ వస్తోంది."

ఎన్ని రాత్రులు మెట్ల మీద వల్లించుకున్నానో
'క్షమించండి' అని,
రకరకాల గొంతులతో.
తీరా నోరు తెరిస్తే వచ్చింది 'మద్‌లోబా'.
కృతజ్ఞతకు మా మాట అది,
దాని కడుపులో 'దయ' అనే మాట ఇమిడి ఉంటుంది.
క్షమించమన్నన్నాళ్లూ
నన్ను నేనే చూసుకుంటూ కూర్చున్నాను.
ఈ మాట అనడానికి
తలెత్తి ఆమెను చూడాల్సి వచ్చింది.
ఎడమకంట్లో శుక్లం. నాకు తెలియనే తెలియదు.
మర్నాడు కంటి ఆసుపత్రిలో వరుసలో ఇద్దరం నిలబడ్డాం.

మొన్న నవంబరులో
నాలుగుకూ అయిదుకూ మధ్య, బల్బు లేని మలుపులో
ఎవరో కాలికి తగిలారు.
లుఖుమి, రెండో అంతస్తు పిల్లాడు. పద్నాలుగేళ్లుంటాయేమో.
ఇల్లు దాటి పైకెందుకొచ్చాడో!
బూట్లు చేతిలో ఉన్నాయి.

ఏం చేశావని అడగలేదు.
ఒక మెట్టు కింద కూలబడి
చెర్రీపళ్ల కథ చెప్పాను, మొత్తం,
అంకెతో సహా.
వాడు చాలాసేపటికి,
"మరి మీరెలా ఉన్నారు ఇక్కడే?" అన్నాడు.
"బస్తాలు మోస్తూ" అన్నాను.
నవ్వాడో, ముక్కు ఎగబీల్చాడో, చీకట్లో తేలలేదు.

"పద, కింద దింపుతాను. లిఫ్టులో."
నాణెం వాడి చేతే వేయించాను.
నేనెక్కి తొమ్మిది నెలలు.
పాత తాడు కీచుమంది.
"తెగదుగా?"
"ఏమో మరి. మళ్లీ చిల్లర పోగేస్తున్నాం.
తాళంచెవి ఝుఝునా దగ్గరుంది.
అక్కడే ఉండాలి కూడా."

వాడు వంగి
బూట్లు తొడుక్కుంటున్నాడు.
రెండో అంతస్తు వచ్చేసింది.
లేసు ముడి పడేదాకా
తలుపు కాలితో ఆపి నిలబడ్డాను.