బాండ్లి అడుగు

పొద్దున ఆరున్నరకు పత్తి మార్కెట్ గేటు కాడ
ఉరుకుందమ్మ బాండ్లి పొయ్యి మీదికెక్కితే
ఆదోని లేచినట్టు.
ఉగ్గాని పొట్లం, నాలుగు మిరపకాయ బజ్జీలు,
పైన ఇంకొకటి. అది లెక్కలోకి రాదు.
పదకొండేళ్లుగా లెక్కలోకి రానిదే
నా నడుం చుట్టూ చేరింది.

నా పని నెత్తురు తీయడం.
రోజుకు నలభై చేతులు.
గొట్టాన్ని మిషన్‌లో తిప్పితే కింద ఎరుపు,
పైన ఎండుగడ్డి రంగు నీళ్లు.
మొన్న ఒక గొట్టంలో గడ్డి రంగు లేదు.
కొబ్బరిపాల మాదిరి తెల్లగా, చిక్కగా,
పన్నెండు గంటలు పస్తుండి ఇచ్చిన నెత్తురే అయినా.
ఎవరిదా అని లేబుల్ తిప్పితే
నా చేతిరాత.
హుసేనప్ప, నలభై రెండు, మగ.

మడమ పైన తుమ్మముల్లు గీరి నెలన్నర.
ఇంకా తడిగానే ఉంది.

డాక్టరమ్మ ఫర్జానా కట్టు విప్పి చూసి
కాలు గురించి కాకుండా గోదాం గురించి చెప్పింది.
"కొవ్వంటే నిద్రపోయే మూట అనుకుంటివా?
పట్టనంత నింపితే మూటలు పిగులుతాయి.
పిగిలినప్పుడల్లా ఒక విజిల్.
కాపలా కణాలు కర్రలు పట్టుకుని ఉరికొస్తాయి.
దొంగ ఉండడు.
రేయీ పగలూ ఇదే అయితే
నిజంగా దొంగ పడిననాడు
మడమ దాకా నడిచే ఓపిక వాటికేడిది?"

నాకు అర్థమైంది.
మా నాయన జిన్నింగ్ మిల్లులో నైట్ వాచ్‌మన్.
ఎలుక కదిలినా లేచేవాడు అక్కడ.
ఇంటికొచ్చి పడుకుంటే
మా చెల్లెలు జ్వరంతో మూలిగినా
వినపడేది కాదు ఆయనకు.

"ఇంకో మాట," అన్నది ఆమె, కొత్త గాజుగుడ్డ చుడుతూ,
"కణానికీ ఒక గోడ ఉంటుంది.
నువ్వు తిన్న నూనెతోనే కడుతుంది దాన్ని."

ఆ రాత్రి జొన్నరొట్టె తుంచుతుంటే
అమ్మ దంచే అవిశల పొడి గుర్తొచ్చింది.
తెల్లగడ్డ, ఎండుమిరప, రోటి చుట్టూ ఆ చేదు వాసన.
రేషన్ షాపుకు పామాయిల్ ప్యాకెట్లు వచ్చిన ఏడు
రోలు గోడ వారకు జరిగింది.
ఎవరూ జరపమని చెప్పలేదు.

మరుసటి రోజు అడిగేసినాను.
"యా నూనె పోస్తావక్కా?"
"ప్యాకెట్‌దే."
"చుట్టూ బుడ్డల చేన్లే కదా."
"చేను మనది, నూనె లారీది.
ఆ నూనెతో కాలిస్తే హమాలీ కొంటాడా నా బజ్జీ?"
"నల్లబడినాక అయినా మార్చవా?"
జాలిగంటె ఆపి తన రెండు చేతులూ చూపించింది.
"ఇవీ నల్లబడినాయి.
మార్చినారా ఎవురన్నా?"

సాయంత్రం ల్యాబ్‌కు వచ్చింది తనే,
కొంగు మార్చుకుని, పౌడరు పూసుకుని,
పెళ్లికొచ్చినట్టు.
మిషన్ తిరుగుతున్నంతసేపు
గోడ మీది పోస్టరులో గుండె బొమ్మను చూస్తూ కూర్చుంది.
ఆగింది.
ఎండుగడ్డి రంగు. తేటగా.

"మంచిదేనా?"
"మంచిదే."
"నేను తిననబ్బా. ఆ వాసనకే కడుపు నిండిపోతాది."
తర్వాత కాసేపు మాట్లాడలేదు.
లోపల ఎవరి నోళ్లు లెక్కపెట్టుకుందో.
రైక లోంచి చిన్న సంచి తీసి,
"ఎంత?"
"లెక్కలోకి రాదులే."

ఈ పొద్దు
ఉగ్గాని పెట్టింది. నాలుగు బజ్జీలు పెట్టింది.
ఐదోది జాలిగంటెలో నిలిపి
నా కట్టు వైపు చూసింది.
నూనె చుక్కలు చుక్కలుగా
బాండ్లిలోకి రాలుతుంటే
వెనకాల హమాలీలు అరుస్తున్నారు,
త్వరగా ఇయ్యి, లారీ వచ్చింది అని.